మూత మీద పేరు

జబ్బు నుంచి లేచినవాళ్ళు ముందు దేవుడికి, తర్వాత డాక్టరుకు, ఆ తర్వాత బంధువులకు దండం పెట్టి కథ మొదలుపెడతారు. నాకు కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి అట్లా మొదలుపెట్టలేను. డాక్టరుకైతే ఒక దండం పెడతాను. మిగిలినవాళ్ళ సంగతి రాస్తూ పోతే తేలుతుంది. నా మాదిరి జబ్బు ఇంకెవరికైనా వస్తే, వాళ్ళు నేను చేసిన తప్పు చేయకూడదనే ఇది రాయడం. నేను చేసిన తప్పు దాచడం.

నా పేరు దీవెనమ్మ. కర్నూలు బయట ఒక బట్టల ఫ్యాక్టరీ గేటులో పదకొండేళ్ళు సెక్యూరిటీ గార్డుగా నిలబడ్డాను. ఆడవాళ్ళ వరుస నాది. సంచులు వెతకడం, కార్డు చూడడం, లోపలికి పంపడం. చదువు పెద్దగా లేదు గానీ, ఒకసారి చూసిన మొహం మరిచేదాన్ని కాదు. పని మానేసి పోయిన ఒక పిల్ల మూడేళ్ళ తర్వాత చెల్లెలి కార్డు మెడలో వేసుకుని వస్తే, వరుసలో పది మంది వెనక ఉండగానే పట్టుకున్నాను. ఆ రోజు సూపర్‌వైజరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. ఆయన నోట్లోంచి మంచిమాట రావడం అదే మొదలు, అదే కడ.

పోయిన ఏడు గేటుకు మొహాలు గుర్తుపట్టే మిషన్ తెచ్చి బిగించారు. మనిషి ఎదురుగా నిలబడితే ముందు తెర మీద మొహం చుట్టూ పచ్చటి చదరం పడుతుంది. ఎవరో ఒక మనిషి వచ్చారని దానికి తెలిసిందన్నమాట. తర్వాత అది ఎవరో వెతుక్కుని పేరు పలుకుతుంది. దొరక్కపోతే చదరం ఎర్రగా మారుతుంది. మధ్యాహ్నం ఎండ దాని మీద పడితే ఎవరినీ పోల్చుకోలేదు. తలకు గుడ్డ చుట్టుకుంటే పోల్చుకోలేదు. కర్నూలు ఎండలో తలకు గుడ్డ చుట్టుకోని ఆడమనిషిని ఎక్కడనుంచి తెస్తాం? దాన్ని నేను తిట్టని తిట్టు లేదు. నాతోపాటు గేటులో ఉండే షమీమ్ నవ్వేది. "దానికి నోరుంటే నిన్ను కూడా తిరిగి తిడతాదక్కా" అనేది.

అక్టోబరు

ఒక పొద్దున విపరీతమైన తలనొప్పితో లేచాను. ఎడమపక్క పైన ఏదో మసక కమ్మింది. ఇంట్లో గోడల రంగు వెలిసిపోయినట్టు కనిపించింది. మాత్ర వేసుకుని డ్యూటీకి పోయాను. వరుసలో ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. అందరికీ కళ్ళున్నాయి, ముక్కులున్నాయి, నోళ్ళున్నాయి. ఒక్కరు కూడా నాకు తెలియలేదు. రాత్రికి రాత్రి ఫ్యాక్టరీ అంతా కొత్తవాళ్ళను పెట్టుకున్నారేమో అనుకున్నాను. "ఏమక్కా అట్ల చూస్తాండావు?" అని ఒకామె అడిగింది. గొంతు విన్నాక అది షమీమ్ అని తెలిసింది. అప్పుడు భయం పట్టుకుంది. తర్వాత కింద పడ్డానట, అది నాకు గుర్తు లేదు.

ఆసుపత్రిలో రెండోరోజు ఒక మగమనిషి టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. "ఎవరప్పా నువ్వు? ఇది ఆడోళ్ళ వార్డు, లెయ్" అన్నాను. ఆ మనిషి ముందు నవ్వాడు. తర్వాత నా కళ్ళలోకి చూసి, నవ్వు మానేసి, టీ కింద పెట్టి బయటికి పోయాడు. ఇరవై రెండేళ్ళుగా నాతో కాపురం చేస్తున్న జయరాజు అతను. నర్సు చెప్పేదాకా నాకు తెలియదు.

అదే వారం చేతులు కడుక్కోవడానికి పోతే ఎదురుగా ఒకామె దారికి అడ్డం నిలబడి ఉంది. "రవ్వంత జరుగమ్మా" అన్నాను. ఆమె కూడా పెదవులు కదిపింది. అది అద్దం.

మెదడు వెనక భాగంలో ఒకచోటికి రక్తం అందక దెబ్బతిన్నదని డాక్టరు చెప్పాడు. కళ్ళు బాగున్నాయన్నాడు. మొహం కనపడుతుంది, అది ఎవరిదో చెప్పే చోటే పాడైందన్నాడు. నాకు వెంటనే మా గేటు మిషన్ గుర్తొచ్చింది. నాలో పచ్చ చదరం వరకే పనిచేస్తోంది, పేరు దగ్గర ఆగిపోతోంది. తిరిగి వస్తుందా అని అడిగాను. కొందరికి కొంత వస్తుంది, కొందరికి రాదు అని, నా మొహం చూడకుండా కాగితం చూస్తూ చెప్పాడు. చూసి చెప్పినా నాకు ఒకటే అయినా, ఒళ్ళు మండింది.

స్కానింగ్ గది బయట బెంచీ మీద ఎన్ని గంటలు కూర్చున్నానో లెక్కలేదు. అందరూ అందరినీ తోసుకుంటారు, పేరు పిలిస్తే తమదే అనుకుని లేస్తారు. అక్కడ ఒక్క మంచి మనిషి దొరికింది. పాణ్యం నుంచి మొగుడిని చూపించుకోవడానికి వచ్చిన ఒక ముసలామె. మొదటిరోజు నాతో గంటసేపు మాట్లాడింది, రెండోరోజు నేను ఆమెను చూసి కూడా చూడనట్టు కూర్చున్నాను. ఆమె అలగలేదు. ఎందుకని అడగలేదు. మూడోరోజు నుంచి నా పక్కన కూర్చునే ముందు "నేను మ్మే, పాణ్యం ముసిల్దాన్ని" అని చెప్పి కూర్చునేది. అంత తెలివి మా బంధువుల్లో ఒక్కరికి లేకపోయింది.

ఇంటికి తెచ్చిన రోజు జయరాజు తలుపు వేసి మెల్లగా చెప్పాడు. "ఈ సంగతి ఎవురికీ చెప్పగాకు. మొగాలు తెలీని మనిషిని గేటుకాడ ఎవురు పెట్టుకుంటారు? తలనొప్పి వచ్చింది, తగ్గిపాయ అని చెప్పు."

గేటు వద్దని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని మడిచి బీరువాలో బట్టల కింద పెట్టాను. ఆ తప్పు మొగుడి మీదికి నెట్టడం నాకు చేతనవును గానీ, మడిచిన చేతులు నావే.

డిసెంబరు

మళ్ళీ గేటులో నిలబడ్డాను. నేను తిట్టిన మిషనే నాకు దిక్కైంది. అది పేరు పలికితే ఆ పేరుతో పలకరించేదాన్ని. అది ఆలస్యం చేస్తే సంచి వెతుకుతున్నట్టు తల వంచుకునేదాన్ని. షమీమ్ వారం రోజుల్లో కనిపెట్టింది. ఏమీ అడగలేదు. ఎవరైనా ఆఫీసు మనిషి వస్తుంటే నా పక్కన నిలబడి, "సూపర్‌వైజరు వస్తాండాడు, నీలం చొక్కా" అని గొణిగేది. నేను చీరలు, చెప్పులు, నడకలు, గొంతులు నేర్చుకున్నాను. ఎర్ర చెప్పులు క్యాంటీన్ లక్ష్మి. గాజులు గలగలమంటే కుట్టు సెక్షన్ సుజాత. తలనొప్పి లేని రోజు లేదు. సాయంత్రానికి ఇంటికొస్తే రాళ్ళు మోసినంత అలసట.

క్రిస్మస్ నా కొంప ముంచింది. మా చర్చిలో ఎవరు ఏ చీర కడతారో, ఏ బెంచీలో కూర్చుంటారో బట్టీ పట్టి పెట్టుకున్నాను. ఆ పొద్దు అందరూ కొత్తబట్టలు కట్టుకుని, బంధువులను వెంటబెట్టుకుని, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నారు. నేను నేర్చుకున్న ఆనవాళ్ళన్నీ ఒక్క పూటలో పోయాయి. చేయి చాచి నవ్విన పాస్టరు అయ్యగారి భార్యను దాటుకుని పోయాను. నా సొంత ఆడబిడ్డకు "మీది ఏ ఊరమ్మా?" అన్నాను. బయట చెప్పుల దగ్గరే మొదలైంది.

"కాకీ బట్టలు ఏసుకున్యాక కండ్లు నెత్తికెక్కినాయి ఆమెకు."

"జబ్బు తగ్గింది, పొగరు తగ్గలే."

మా పక్క మనుషులు తిట్టినా ఓర్చుకుంటారు, కొట్టినా పంచాయితీలో సర్దుకుంటారు. ఎదురుపడి పలకరించకపోతే మాత్రం ఏడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. నాకు జబ్బు అని ఒక్క మాట అంటే సరిపోయేది. మళ్ళీ ఆ కాగితం, ఆ బీరువా గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకున్నాను.

జనవరి

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. నాకు తోడబుట్టింది ఒక్కటే, కరుణమ్మ. నందికొట్కూరు దగ్గర పల్లెలో ఉంటుంది. ఆరేళ్ళుగా మా మధ్య మాటల్లేవు.

మా అమ్మ రాహేలమ్మ అక్క ఇంట్లోనే కన్ను మూసింది. ఆ పొద్దున కబురొచ్చింది. నా బదులు నిలబడే మనిషి దొరికేసరికి మధ్యాహ్నమైంది. బస్సు దిగి పరిగెత్తేసరికి పెట్టె మూత వేసి ఉంది. కడచూపు చూస్తాను, ఒక్కసారి తెరవండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "మూసిన పెట్టె తెరవరు. ఇంతసేపు గుర్తుకురాని అమ్మ ఇప్పుడు వచ్చిందా?" అంది మా అక్క, ఊరంతా వినేటట్టు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, దాని గడప తొక్కనని. మా దగ్గర మాటలు చెడినవాళ్ళలో ముందు ఎవరు పలకరిస్తే వాళ్ళు తగ్గినట్టు లెక్క. ఆరేళ్ళు ఇద్దరం తగ్గలేదు.

జనవరి చివర, మధ్యాహ్నం షిఫ్టు మారే ముందు ఒక పెద్దావిడ గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో గుడ్డసంచి. ఒక కాలు ఈడుస్తూ నడుస్తోంది. ఆ నడక నా లెక్కల్లో లేదు. మిషన్ ముందు నిలబడింది. చదరం పచ్చగా వచ్చి, కాసేపు వెతుక్కుని, ఎర్రగా మారింది. మిషన్‌కు తెలియలేదు, నాకూ తెలియలేదు. షమీమ్ భోజనానికి పోయింది.

"ఎవరమ్మా నువ్వు? ఎవరి కోసం వచ్చినావు?" అన్నాను.

ఆమె నన్నే చూస్తూ నిలబడింది. పలకలేదు.

"నిన్నే అడిగేది. పేరు చెప్పు, కార్డు చూపించు."

అప్పుడూ పలకలేదు. పని అడగడానికి వచ్చి బెదిరిపోయి నిలబడేవాళ్ళు రోజూ వస్తారు. పైగా ఆ రోజు నా తల పగిలిపోతోంది.

"నోరు ల్యాదా? మాట్లాడకుంటే పక్కకు జరుగు. బస్సు వచ్చే టైమయింది."

ఆమె సంచి గేటు కడ్డీ దగ్గర పెట్టి, వెనక్కి తిరిగి, కాలు ఈడ్చుకుంటూ రోడ్డు మీదికి పోయింది. "ఓమ్మా, నీ సంచి" అని అరిచాను. తిరిగి చూడలేదు.

మనిషి లేని సంచి గేటు దగ్గర ఉంటే ఏం చేయాలో మాకు నేర్పించారు. ముట్టుకోకూడదు, జనాన్ని దూరం జరపాలి, పైవాళ్ళకు చెప్పాలి. నేర్పించినట్టే చేశాను. సూపర్‌వైజరు చేతి మిషన్ పట్టుకుని వచ్చాడు. దాన్ని సంచి మీద తిప్పితే కుయ్యిమని అరిచింది. లోపల ఇనుమో స్టీలో ఉంది. కుట్టు సెక్షన్ ఆడవాళ్ళంతా కిటికీల దగ్గర గుంపుగా చేరారు. ఆయన కర్రతో సంచి మూతి తెరిచాడు. లోపల స్టీలు క్యారియర్. మొదటి గిన్నెలో జొన్నరొట్టెలు, రెండో దాంట్లో చెనిక్కాయల ఊరిమిండి, అదే వేరుశెనగ పచ్చడి.

"తినే దానికి ఇంత రచ్చ చేస్తివి గదమ్మా" అని మూత నా చేతికిచ్చాడు.

మూత అంచున చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. ఇంట్లో కొత్త గిన్నె కొంటే పేరు కొట్టించకుండా వాడేది కాదు మా అమ్మ. వేలితో తడిమాను. రాహేలమ్మ. ఆ క్యారియర్ అమ్మ పోయినాక అక్క దగ్గరే ఉండిపోయింది. మొహం చెప్పనిది మూత చెప్పింది. మా అక్క వచ్చింది. ఆరేళ్ళ తర్వాత, నాకు జబ్బు చేసిందని విని, రొట్టెలు కాల్చుకుని, కాలు ఈడ్చుకుంటూ నా గేటుకు వచ్చింది. తను వచ్చింది కాబట్టి పలకరించే వంతు నాది. అందుకే నోరు తెరవకుండా నిలబడింది. నేనేమో ఎవరమ్మా నువ్వు అన్నాను, నోరు లేదా అన్నాను, పక్కకు జరగమన్నాను.

"ఎవరమ్మా ఈ రాహేలమ్మ?" అన్నాడు సూపర్‌వైజరు.

"మా అమ్మ సార్. చచ్చిపోయి ఆరేండ్లాయ. ఇది తెచ్చింది మా అక్క. నాకు మొగాలు తెలియడం ల్యా సార్, తెలియక పంపించేసినా."

అందరి ముందూ చెప్పేశాను. ఆయన మొహంలో ఏముందో నాకు తెలియదు గానీ గొంతులో మాత్రం దయ లేదు.

"రెండు నెలల నుంచి గేటులో గుడ్డిదాన్ని నిలబెట్టినానా నేను?"

"కండ్లు బాగుండాయి సార్."

"అయితే ఇంకేం, పో, ఇంటికి పోయి చూసుకో."

తర్వాత షమీమ్ కొట్లాడి, మిగతా ఆడవాళ్ళు కొట్లాడి, నన్ను స్టోరులో దారపు కండెలు సర్దే పనికి మార్చేటట్టు చేశారు. ఆ సాయంత్రం మాత్రం నాకు ఉద్యోగం బాధ లేదు. జయరాజు ఇల్లంతా తిరుగుతూ తిట్టాడు, చెప్పొద్దంటే చెప్పినావని. నేను ఆ రొట్టెలు తిన్నాను. చల్లారి గట్టిపడ్డాయి. ఒక్క ముక్క వదలకుండా తిన్నాను.

ఫిబ్రవరి

ఆదివారం చర్చికి పోలేదు, నందికొట్కూరు బస్సెక్కాను. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కాబట్టి క్యారియర్‌లో బెల్లం, వేయించిన పప్పులు పోశాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ముందు పలకరించే మాట ఎవరిదని ఆరేళ్ళు పట్టుబట్టి కూర్చున్నాం, ఆ మాట ఇప్పుడు నేనే తగ్గి అనాలి. అక్క తలుపు మూసుకుంటే ఇక నాకు పుట్టింటి పేరు చెప్పుకోవడానికి మనిషి లేదు.

అక్క వాళ్ళ కళ్ళంలో మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఎర్రటి కాయల కుప్ప చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్ళు. ఘాటుకు అందరూ ముక్కూ నోరూ మూసి గుడ్డలు కట్టుకున్నారు. అందరివీ నలిగిన పాత చీరలే. కూర్చుని ఉన్నారు కాబట్టి నడక లేదు. మాట్లాడటం లేదు కాబట్టి గొంతు లేదు. నన్ను చూడగానే ఎనిమిది మందీ చేతులు ఆపారు. ఎనిమిది మందిలో ఒకరు నా తోడబుట్టింది, ఎవరో నాకు తెలియదు. వెనక్కి తిరిగి పోదామనిపించింది.

"మీలో మా అక్క కరుణమ్మ ఎవురు?" అన్నాను.

ఒకామె కిసుక్కున నవ్వింది. "ఈమెకు ఏమొచ్చిండాది?" అంది ఇంకొకామె. మా అక్క పలకలేదు. అది తేలిగ్గా పలికే మనిషైతే ఆరేళ్ళు పట్టేదా?

ఎవరి వైపు చూసి చెప్పాలో తెలియక, పక్కన కూలబడి మిరపకాయల కుప్పకు చెప్పినట్టు చెప్పాను. "నాకు జబ్బు చేసింది. మొగాలు కనపడతాయి, ఎవురివో తెలీదు. ఆసుపత్రిలో నా మొగుడ్నే ఎవరప్పా అన్నా. అద్దంలో నన్ను నేనే జరగమన్నా. ఆ పొద్దు గేటుకాడ నిన్ను గుర్తుపట్టి అనలేదక్కా ఆ మాట. అమ్మ క్యారియర్ మూత చూసినాక తెలిసింది. ఇదో, తెచ్చినా. నేనే ముందు పలకరిస్తాండా. తగ్గినాననుకో, ఏమన్నా అనుకో."

అందరూ దగ్గుతున్నారు. ఎవరి దగ్గు ఎవరిదో కూడా తెలియలేదు. నాకు ఏడుపు ఆగలేదు. పక్కన కాయల మీద చెయ్యి ఆనించి ఉన్నానన్న ధ్యాస లేకుండా చెయ్యి కళ్ళ దగ్గరికి తీసుకుపోయాను.

"ఆ చేత్తో కండ్లు తుడ్చుకోగాకు. కారం."

ఎడమవైపు నుంచి మూడో మనిషి. ఆ గొంతు అరిచిన అరుపుల కింద నేను పెరిగాను. ఆమె లేచి, కాలు ఈడ్చుకుంటూ వచ్చి, కుండలో నీళ్ళు ముంచి నా చేతుల మీద పోసింది. మోకాళ్ళు పోయి రెండేళ్ళయిందట. నాకెవరు చెబుతారు?

మొహం మీద గుడ్డ తీసేసి, నా ఎదురుగా నిలబడింది.

"అమ్మ మొగం నా మాదిరే ఉంటుందంటారు అందరూ. చూడు, కనపడతాందా?"

చూశాను. రెండు కళ్ళు, ముక్కు, పెదవి మీద పుట్టుమచ్చ, చెంప మీద చెమట. ఎంత చూసినా అవి అవిగానే ఉన్నాయి, కలిసి అమ్మ కాలేదు, అక్క కూడా కాలేదు. అబద్ధమాడుదామనుకున్నాను గానీ, మూడు నెలలు ఆడిన అబద్ధాలు చాలనిపించింది.

"కనపడలేదక్కా."

అక్క ఆ గుడ్డను దులిపి భుజాన వేసుకుంది. తర్వాత మిగిలిన ఏడుగురూ వింటుండగానే అంది. "ఆ పొద్దు అయ్యగారు రవ్వంతసేపు ఆగుదామన్యాడు, నీ కోసరం. నేనే ఏసెయ్యమన్యా మూత. అమ్మకు నెలల తరబడి నేను చేస్తి, నువ్వు వచ్చి చూసిపోతావా అని కోపం. ఇప్పుడు నీకు ఎవురి మొగమూ లేకపాయ."

నేను క్షమించానని చెప్పలేదు. అది అడగనూ లేదు. ఆ మాట విన్నప్పుడు నా చేతిలో ఉన్న క్యారియర్‌తో దాని తల మీద ఒకటి వేయాలనిపించింది, అంత కోపమొచ్చింది. క్యారియర్ దాని చేతికిచ్చాను. మూత తీసి బెల్లం చూసి, "మంచి బెల్లం దొరకలేదా ఊర్లో" అంది. సాయంత్రం దాకా కూర్చుని తొడిమలు తీశాను.

ఇప్పుడు

నాకు మొహాలు తిరిగి రాలేదు. వస్తాయా అని ఇప్పుడు అడగడం కూడా మానేశాను. స్టోరులో కండెల మీద రంగుల నంబర్లుంటాయి, అవి నన్ను మోసం చేయవు. చర్చిలో అందరికీ చెప్పేశాను. కొందరు నమ్మారు, కొందరు నాటకమంటారు. నాటకమన్నవాళ్ళ గొంతులు నాకు బాగా తెలుసు, మరిచిపోను. మీకు ఇట్లాంటిది వస్తే మొదటి వారంలోనే నలుగురికీ చెప్పండి. పొగరు అంటే పొగరు అననీండి గానీ, కాగితం మాత్రం బట్టల కింద పెట్టకండి.

నెలకొకసారి కర్నూలు బస్టాండులో మా అక్క బస్సు దిగుతుంది. ఎంత జనమున్నా, నేను ఎక్కడ నిలబడి ఉన్నా, అంత దూరం నుంచే అందరూ తిరిగి చూసేటట్టు గట్టిగా పిలుస్తుంది.

"మ్మే దీవెనా, నేను, అక్కను."

ఆరేళ్ళు నోరు విప్పని మనిషి. ఇప్పుడు ప్రతిసారీ ముందు తనే పలుకుతుంది.